మలీద ముద్దలో ఉన్న చరిత్ర

సద్దుల బతుకమ్మ రోజు మా ఇంట్లో మలీద ముద్దలు చేస్తారు. జొన్నపిండితోనో గోధుమపిండితోనో రొట్టెలు కాల్చి, వేడిగా ఉన్నప్పుడే తుంచి, బెల్లం వేసి చేత్తో బాగా నలుపుతారు. తర్వాత కాస్త నెయ్యి, యాలకుల పొడి కలిపి ముద్దలు కడతారు. వేడి రొట్టె నలుపుతుంటే వేళ్ళు కాలతాయి. అందుకే ఆ పని ఎప్పుడూ నానమ్మే చేస్తుంది. "మీవి కలం పట్టే చేతులు, మీతోని కాదు" అంటుంది.

పోయిన ఏడాది మా సాంఘికశాస్త్రం సార్ ‘పంట పండుగలు – మత సామరస్యం’ మీద వ్యాసం రాసుకురమ్మన్నారు. క్లాసులో ముప్పాతిక మంది ‘భిన్నత్వంలో ఏకత్వం’ అని మొదలుపెట్టి, మధ్యలో సంక్రాంతి ముగ్గులు, గొబ్బెమ్మలు రాసి, చివర జై హింద్ అని ముగించాం. సార్ నోటుబుక్కులు తిరిగిచ్చేస్తూ, "అంతా బాగానే ఉంది, ఇందులో పంట ఎక్కడుంది? మీలో ఎవరైనా కల్లం చూశారా? ఇంటికి పోయి పెద్దవాళ్ళని అడిగి రాయండి" అన్నారు. మాలో ఎవరూ కల్లం చూడలేదు. కామాఠీపుర గల్లీలో పుట్టినవాళ్ళకి ధాన్యం అంటే రేషన్ దుకాణంలో గోనెసంచి, అంతే.

నానమ్మని అడిగాను. ఆమె నారాయణపేట దగ్గరి పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక ముంబై వచ్చింది. "పంట పండుగల గురించి చెప్పు, అందులో సాయిబులు కూడా ఉండాలె" అని నేను పరీక్ష ప్రశ్న అడిగినట్టు అడిగితే నవ్వింది. "ఉండాలె అని పిలుస్తరా? ఉన్నరు. బతుకమ్మకు మలీద చేస్తం, పీర్ల పండుగకు మలీద చేస్తం. రెండిట్ల ఒకటే రొట్టె, ఒకటే బెల్లం."

అప్పటిదాకా నాకు తట్టలేదు. మలీద అనేది తెలుగు మాట కాదు. పారసీ భాషలో ‘మాలీదన్’ అంటే రుద్దడం, నలపడం. నలిపి చేసింది కాబట్టి మలీద. ఆ భాష గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో, తర్వాత నిజాముల కాలంలో దర్బారులో ఉండేది. దర్బారు నుంచి దర్గాకి, దర్గా నుంచి పీర్ల కొట్టానికి, అక్కడి నుంచి మన ఆడవాళ్ళ వంటింటికి వచ్చింది. ఇప్పుడు గౌరమ్మకి నైవేద్యం పెట్టేటప్పుడు ఆ మాట ఎక్కడిదని ఎవరూ అడగరు. నాకు ఇదే ఆశ్చర్యం. ఎవరూ సభ పెట్టలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. మరి ఎట్లా జరిగింది? జవాబు కల్లం దగ్గర ఉందని నానమ్మ మాటల వల్ల నాకు అర్థమైంది.

వరి కోసి, కుప్ప వేసి, ఎద్దులతో తొక్కించి, గాలికి తూర్పారబట్టిన తర్వాత కల్లంలో ధాన్యపు రాశి పోస్తారు. దాన్ని కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. లాభం, రెండు, మూడు... అని లెక్క సాగుతుంది. కొలవడం అయిపోయినంత మాత్రాన రైతు అంతా బండికెత్తుకుని ఇంటికి పోవడానికి లేదు. నాగలి చేసిన వడ్రంగి, కర్రు సాగదీసిన కమ్మరి, కుండలిచ్చిన కుమ్మరి, బట్టలుతికిన చాకలి, క్షవరం చేసిన మంగలి, చెరువు తూము దగ్గర నీళ్ళు వదిలిన నీరటికాడు అందరూ అక్కడికి వస్తారు. ఏడాదంతా డబ్బు తీసుకోకుండా చేసిన పనికి ధాన్యం ముడుతుంది. దీన్నే మేర అన్నారు. ఇట్లాంటి వృత్తులవాళ్ళని పన్నిద్దరు ఆయగాళ్ళు అని పాత కాలం నుంచి లెక్కపెడుతున్నారు. మహారాష్ట్రలో ఇదే పద్ధతికి ‘బలుతే’ అని పేరు, తీసుకునేవాళ్ళు ‘బలుతేదార్లు’. మరాఠీ పాఠంలో మనం చదివేది అదే.

ఆ కల్లం దగ్గరికి ముస్లింలు కూడా వచ్చేవాళ్ళు. ఒకరు దూదేకుల ఆయన. వాళ్ళని నూర్‌బాషాలు అని కూడా అంటారు. పత్తిని ధనుస్సులాంటి పరికరంతో ఏకి, పరుపులకి, వడకడానికి సిద్ధం చేయడం వాళ్ళ వృత్తి. వాళ్ళల్లో చాలామందికి ఇంట్లో మాట్లాడే భాష తెలుగే. ఇంకొకరు ముల్లా. తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల పండుగకో పెళ్ళికో మేకని కోయాలంటే హిందువులు కూడా ముల్లానే పిలిచేవారు, ఆయన కోసిన మాంసమే ఊరంతా తినేది. మహారాష్ట్ర పల్లెల్లో కూడా ఇంతే. అక్కడ ఆయన్ని ‘ములాణీ’ అంటారు, ఊరి వృత్తుల జాబితాల్లో ఆయన పేరు కూడా రాసి ఉంటుంది. మూడో ఆయన ఫకీరు. నెమలీకల కట్టతో ఊదు పొగ వేసి దీవించి, చాటెడు గింజలు పట్టుకుపోయేవాడు.

"పాపం అని వాళ్ళకి దానం చేసేవాళ్ళా?" అని అడిగాను. నానమ్మకి కోపం వచ్చింది. "దానం ఏంది బిడ్డా? వాళ్ళది వాళ్ళకు ముట్టజెప్పుడు. ఇయ్యకుంటే కల్లం కాడనే కూసుంటరు, రాశి ఎత్తనియ్యరు" అంది.

ఈ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన పుస్తకాల్లో ‘సహనం’ అని రాస్తారు. సహనం అంటే ఓర్చుకోవడం కదా. ఇష్టం లేకపోయినా భరించడం అనే అర్థం అందులో ఎక్కడో ఉంది. కల్లం దగ్గర జరిగింది అది కాదు. ముల్లాకి వాటా ఇచ్చింది ఆయన మతాన్ని ఓర్చుకుని కాదు, ఆయన ఊరికి పని చేశాడని. ముందు పనిలో వాటా, పంటలో వాటా ఉంది. పండుగలో వాటా దాని వెనకాల వచ్చింది. మనం ఎప్పుడూ పండుగతో మొదలుపెట్టి రాస్తాం కాబట్టి అసలు సంగతి కనిపించదు.

ఇప్పుడు పీర్ల పండుగ గురించి. మొహర్రం పంట పండుగ కాదు. కర్బలాలో ఇమామ్ హుస్సేన్ అమరుడైన దుఃఖ దినాలు అవి. చాంద్రమాన లెక్క కాబట్టి ప్రతి ఏడాదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఒకసారి వానల్లో, ఒకసారి కోతల్లో, ఒకసారి ఎండల్లో వస్తుంది. హైదరాబాదులో 1594లో మహమ్మద్ కులీ కుతుబ్ షా బాద్‌షాహీ ఆషుర్‌ఖానా కట్టించడం మొదలుపెట్టాడు. ఆ ఆచారం రాజధాని నుంచి పల్లెలకి పాకింది. పల్లెలో అది రైతు పండుగలా మారిపోయింది. వానలు పడాలనీ, పంట చేతికి రావాలనీ, పిల్లలు పుట్టాలనీ మొక్కుకునేవారు. మొక్కు తీరితే పీరుకి దట్టీ కట్టి, కుడుకల దండ వేసి, బెల్లం, మలీద తెచ్చి ఫాతెహా చదివించేవారు. నిప్పుల గుండం చుట్టూ అలాయి ఆడేవారు. పీరును ఎత్తుకునేవాళ్ళు చాలా ఊళ్ళలో హిందువులే. ముస్లిం కుటుంబం ఒక్కటి కూడా లేని ఊళ్ళలో కూడా పీర్లని నిలబెట్టారు. కొత్త పంట నుంచి తీసిన జొన్నల రొట్టే పీరుకి మలీద అయ్యేది, బతుకమ్మకీ మలీద అయ్యేది.

మన పేర్లలో కూడా ఇది మిగిలింది. సైదులు, హుస్సేనప్ప, మౌలాలి, మస్తానమ్మ, పీరయ్య, కుల్లాయప్ప, ఫకీరప్ప. ఇవన్నీ తెలుగునాట హిందువులు పెట్టుకున్న పేర్లే. ఏ దర్గా దగ్గరో, ఏ పీరు దగ్గరో మొక్కుకుంటే పుట్టిన పిల్లలకి అట్లా పెట్టేవారు. ముంబైలో ఆఫీసు కాగితాల్లో ఇట్లాంటి పేరు చూసి "మీరు ముస్లింలా?" అని అడిగితే మనవాళ్ళకి ఏం చెప్పాలో తోచదు. నిజానికి దాని వెనకాల నాలుగొందల ఏళ్ళ కథ ఉంది.

ఆంధ్రా వైపు కూడా ఇట్లాంటివి ఉన్నాయి. నెల్లూరులో స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా ఉంది. మొహర్రం రోజుల్లో అక్కడ రొట్టెల పండుగ చేస్తారు. కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి చెరువులో నిలబడి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు దాన్ని తీసుకుంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె అని పేర్లు కూడా ఉన్నాయి. ఇచ్చేవాళ్ళ మతం, తీసుకునేవాళ్ళ మతం ఎవరూ చూడరు. కడపలో అయితే ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి వస్తారు. స్వామి బీబీ నాంచారిని పెళ్ళి చేసుకున్నాడు కాబట్టి ఆయన తమ ఇంటి అల్లుడని వాళ్ళ నమ్మకం. ఉగాది రైతుకి కొత్త ఏడాది. అల్లుడిని చూడకుండా ఏడాది మొదలుపెట్టరన్న మాట.

ఈ వ్యాసం మొదటిసారి రాసి క్లాసులో చదివినప్పుడు నా స్నేహితుడు ఒకడు లేచి నిలబడి ఒక మాట అన్నాడు. "మీ నానమ్మ కల్లం లోపల నిలబడి చెప్తోంది. మా ముత్తాత కల్లం బయట నిలబడ్డాడు." క్లాసంతా నిశ్శబ్దం అయిపోయింది. వాడు చెప్పింది నిజం. దళితులకి రాశి ముట్టుకునే వీలు లేదు. చివర్లో కల్లం ఊడ్చుకుంటే మట్టితో కలిసిన గింజలు వచ్చేవి. నిజాం కాలంలో తెలంగాణలో వెట్టిచాకిరీ ఎట్లా ఉండేదో అందరికీ తెలిసిందే. అందుకే కల్లాన్ని మరీ అందంగా బొమ్మ గీసినట్టు చెప్పుకోకూడదు. వాటా ఉండటం ఒకటి, సమానమైన వాటా ఉండటం ఇంకొకటి.

కానీ వాడి మాట వల్లే నాకు ఇంకో సంగతి కూడా తట్టింది. పీర్ల కొట్టం దగ్గర డప్పు కొట్టడానికే కాదు, పీరుని ఎత్తుకోవడానికి కూడా దళితులు ఉండేవారు. గుడి మెట్ల దగ్గర ఆగిపోవాల్సిన మనిషి పీరు దగ్గరికి నేరుగా వెళ్ళగలిగాడు. పల్లెల్లో పేదవాళ్ళు పీర్లని అంత ప్రేమగా ఎందుకు పట్టుకున్నారంటే, నా ఉద్దేశంలో, అందులో భక్తి ఎంత ఉందో ఈ గౌరవం కూడా అంతే ఉంది.

ఇక మనవాళ్ళు ఇక్కడికి ఎట్లా వచ్చారు? బొంబాయి అప్పుడు ఏడు దీవులు. మహాలక్ష్మి దగ్గర సముద్రపు నీళ్ళు లోపలికి రాకుండా హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట కట్టారు. అది 1784కి పూర్తయింది. నీళ్ళు తగ్గి తేలిన పల్లపు నేలలో 1795 ప్రాంతం నుంచి నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కూలీలు గుడిసెలు వేసుకున్నారు. కామాటి అంటే తెలుగులో కూలి పని చేసేవాడు. వాళ్ళ పేరు మీదే కామాఠీపుర. రోడ్లు, బంగళాలు, రేవులు కట్టే పనుల్లో రాళ్ళు మోసింది వాళ్ళే. ఈ రోజు కామాఠీపుర అనగానే బయటివాళ్ళు ఒకే ఒక్క విషయం గుర్తు చేసుకుంటారు, అడ్రస్ చెప్పడానికి మాకు సిగ్గేసేలా చూస్తారు. ఆ పేరులో ఉన్నది మన పనివాళ్ళ పేరు అని వాళ్ళకి తెలియదు.

వచ్చినవాళ్ళల్లో కొందరు పెద్ద కాంట్రాక్టర్లు అయ్యారు. మహాత్మా జోతిరావ్ ఫూలే 1873 సెప్టెంబరు 24న పుణేలో సత్యశోధక్ సమాజ్ పెట్టినప్పుడు బొంబాయిలో ఆయనకి అండగా నిలిచిన వాళ్ళల్లో తెలుగువాళ్ళు ఉన్నారు. వెంకు బాళోజీ కాళేవార్, జాయా కరాడీ లింగూ, రామయ్య వెంకయ్య అయ్యవారు అని ఆ పేర్లు మహారాష్ట్ర చరిత్రలో కనిపిస్తాయి. మన తెలుగు పాఠాల్లో మాత్రం లేవు. ఎందుకో మరి! 1883లో రైతుల కష్టాల మీద పుస్తకం రాసిన ఫూలే, తన చివరి పుస్తకం ‘సార్వజనిక్ సత్యధర్మ’లో ఒక ఇంటి గురించి చెప్తారు. ఆ ఇంట్లో తల్లి ఒక మతం, తండ్రి ఒక మతం, కూతురు ఇంకో మతం, కొడుకు ఇంకో మతం పాటిస్తూ, ఒకరినొకరు ద్వేషించకుండా ఒకే కుటుంబంగా ఉండవచ్చు అన్నారు. ఆ పుస్తకం ఆయన చనిపోయాక 1891లో అచ్చయింది.

తర్వాత బట్టల మిల్లులు వచ్చాయి. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి పద్మశాలీలు వచ్చి లోయర్ పరేల్, వర్లీ, నాయ్‌గావ్ చాళ్ళలో నిండిపోయారు. మా గల్లీలకి ఆనుకునే మదన్‌పురా ఉంది. అక్కడ ఉత్తరాది నుంచి వచ్చిన ముస్లిం నేతగాళ్ళు, అన్సారీలు ఉండేవారు. గిర్నీలో ఒకే సాంచా ఖాతాలో తెలుగు చేతులు, మరాఠీ చేతులు, అన్సారీల చేతులు కలిసి పనిచేశాయి. ఇక్కడ కూడా నా స్నేహితుడి మాట గుర్తుచేసుకోవాలి. నాడెలో దారం ఎక్కించడానికి నోటితో పీల్చేవారు, దళితులు పీల్చిన నాడె మిగతావాళ్ళు ముట్టరని వాళ్ళని నేత ఖాతాలోకే రానిచ్చేవారు కాదు. ఆ అన్యాయాన్ని డాక్టర్ అంబేడ్కర్ 1928 సమ్మె కాలంలో గట్టిగా అడిగారు.

మలీద సంగతికి వస్తాను. కామాఠీపుర నుంచి నడిచి పోయేంత దూరంలో, జాకబ్ సర్కిల్ వైపు, యూదుల ప్రార్థనా మందిరాలు ఉన్నాయి. వాళ్ళని బెనె ఇజ్రాయెల్ అంటారు, మాట్లాడేది మరాఠీ. వాళ్ళు కూడా మలీద చేస్తారు! ఏలియా ప్రవక్త పేరు మీద, పెళ్ళికి ముందో, మొక్కు తీరినప్పుడో, కొత్త ఇల్లు కొన్నప్పుడో చేస్తారు. వాళ్ళ మలీద రొట్టెతో కాదు. తడిపిన అటుకులు, కొబ్బరి కోరు, చక్కెర, యాలకులు కలిపి, చుట్టూ పండ్లు పెడతారు. చెట్లకి కొత్త సంవత్సరంగా వాళ్ళు భావించే రోజున కూడా చేస్తారు. అటుకులు అనగానే నాకు మన రెండో రోజు అటుకుల బతుకమ్మ గుర్తొచ్చింది. పేరు పీర్ల దగ్గర నుంచి, అటుకులు వరి పొలం నుంచి, ప్రార్థన హీబ్రూలో.

ఈ యూదులు ముంబై రాకముందు కొంకణ్ పల్లెల్లో గానుగ ఆడించి నూనె తీసేవారు. శనివారం వాళ్ళ మతంలో విశ్రాంతి దినం, ఆ రోజు గానుగ ఆడదు. అందుకే ఊరివాళ్ళు వాళ్ళని ‘శనివార్ తేలీ’, అంటే శనివారపు తెలికలవాళ్ళు అని పిలిచారు. శనివారం ఎందుకు పని చేయరని ఎవరూ తగాదా పెట్టుకోలేదు. శుక్రవారమే నూనె తెచ్చుకుంటే సరిపోతుంది కదా! పొరుగువాడి మతాన్ని ఒక పేరులో పెట్టి ఒప్పేసుకున్నారు. కామాఠీలు 1795లో వస్తే, బెనె ఇజ్రాయెల్ వాళ్ళు బొంబాయిలో తమ మొదటి ప్రార్థనా మందిరాన్ని మాండ్వీలో 1796లో కట్టుకున్నారు. ఒక ఏడాది తేడాలో ఇద్దరూ ఈ ఊరివాళ్ళయ్యారు.

ఇంతవరకు రాసి ఆపేస్తే వ్యాసం బాగానే ఉంటుంది, కానీ అబద్ధం అవుతుంది. బొంబాయిలో ఒకప్పుడు మొహర్రం తాబూతుల ఊరేగింపులో హిందువులు కూడా పెద్ద సంఖ్యలో నడిచేవారు. 1893 ఆగస్టులో హిందూ ముస్లిం అల్లర్లు జరిగాయి. ఆ తర్వాత హిందువులు తాబూతులకి పోవడం తగ్గింది, వీధి గణపతి ఉత్సవాలు పెరిగాయి. అంటే పల్లె నుంచి పండుగలు తెచ్చుకున్నంత మాత్రాన స్నేహం కూడా మూటలో కట్టుకొచ్చినట్టు కాదు. పల్లెలో పండుగ కింద కల్లం ఉంది. పట్నంలో ఎవరి కూలి వాళ్ళది, ఎవరి మార్వాడీ అప్పు వాళ్ళది. మరి ఇక్కడ కల్లం ఎక్కడుంది?

ఉందనే నేను అనుకుంటున్నాను. పొద్దున్నే నల్లా దగ్గర ఉండే లైను ఒక కల్లం. నలుగురు కలిసి వేసుకునే భీసీ, అంటే చిట్టీ, ఇంకొక కల్లం. అందులో మా నానమ్మతో పాటు దర్జీ పని చేసే ఇంటి ఆపా, చర్చి పక్కన ఉండే మంగుళూరు ఆంటీ ఉండేవారు. 1982 జనవరి 18న మిల్లు సమ్మె మొదలై, దాదాపు రెండున్నర లక్షల మంది పని మానేసినప్పుడు, చాలామంది ఊళ్ళకి వెళ్ళిపోయారు. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు జొన్నలు, బియ్యం తెచ్చి గ్యాలరీలో పంచుకున్నారు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో గ్యాలరీలో అందరికీ తెలిసిపోతుంది. చాల్‌లో రహస్యం దాగదు, అది ఒక ఇబ్బందే గానీ ఒక రక్షణ కూడా.

పళ్ళెం సంగతి చెప్పాలి. చాళ్ళలో ఒక అలిఖిత నియమం ఉంది. పక్కింటి నుంచి పళ్ళెంలో ఏదైనా వస్తే ఆ పళ్ళెం ఖాళీగా తిరిగి పంపకూడదు. 1992లో బతుకమ్మకి నానమ్మ స్టీలు పళ్ళెంలో మలీద ముద్దలు పెట్టి ఆపా ఇంటికి పంపింది. పళ్ళెం అంచు మీద తాతయ్య పేరు తెలుగులో చెక్కించి ఉంది. పళ్ళెం వెంటనే తిరిగి రాలేదు, వాళ్ళింట్లో ఏదో పెళ్ళి హడావుడి. డిసెంబరు వచ్చింది. ఆ డిసెంబరులో, మళ్ళీ 1993 జనవరిలో, ఈ నగరంలో జరిగిన అల్లర్లలో దాదాపు 900 మంది చనిపోయారు. జనవరి 14న సంక్రాంతి. ఇక్కడ ఆ రోజు తిల్‌గుళ్ పంచి తీయగా మాట్లాడమని చెప్పుకుంటారు. నానమ్మ నువ్వుల లడ్డూలు చేసింది కానీ గల్లీ దాటలేకపోయింది. కర్ఫ్యూ. ఆపా వాళ్ళు తలుపు మూసి బంధువుల ఇంటికి వెళ్ళిపోయారు.

"తాత పేరున్న పళ్ళెం వాళ్ళింట్ల ఉన్నది. నాకు అదే ధైర్యం, అదే బెంగ" అంది నానమ్మ. ధైర్యం ఎందుకు, బెంగ ఎందుకు అని అడిగితే వివరంగా చెప్పలేదు. మార్చి నెలాఖరులో రంజాన్ పండుగ వచ్చింది. ఆ రోజు ఆపా కొడుకు పళ్ళెం పట్టుకుని వచ్చాడు. దాని మీద గిన్నెలో షీర్ ఖుర్మా ఉంది. ఆపా రాలేదు, వాడు ఒక్కడే వచ్చాడు. "అమ్మీ ఇమ్మంది" అని పెట్టి వెళ్ళిపోయాడట. వాళ్ళు తర్వాత ముంబ్రా వైపు ఇల్లు మార్చుకున్నారు. పళ్ళెం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. నేను రోజూ అందులోనే అన్నం తింటాను కానీ ఈ కథ పోయిన ఏడాది వరకు నాకు తెలియదు.

ఇప్పుడు చాళ్ళే పోతున్నాయి. బీడీడీ చాళ్ళు 1920లలో కట్టినవి. వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, ఎన్.ఎం. జోషి మార్గ్‌లో 32, సెవ్రీలో 12 అని లెక్క. ఒక్కో చాల్‌కి 80 ఖోలీలు, ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు. వర్లీలో మొదటి విడతగా 556 కుటుంబాలకి 2025 ఆగస్టు 14న 500 చదరపు అడుగుల కొత్త ఇళ్ళ తాళాలు ఇచ్చారు. మా అత్తయ్య వాళ్ళకి కూడా అక్కడ ఇల్లు వచ్చింది. ఇంట్లోనే బాత్రూం ఉంది, లిఫ్టు ఉంది. అత్తయ్య సంతోషంగా ఉంది, ఉండాలి కూడా. మరుగుదొడ్డి కోసం లైనులో నిలబడటాన్ని సామరస్యం అని పొగిడేవాళ్ళు ఎప్పుడూ ఆ లైనులో నిలబడి ఉండరు.

కానీ 40 అంతస్తుల భవనంలో తలుపు మూస్తే పక్కింట్లో పొయ్యి వెలిగిందో లేదో తెలియదు. కామాఠీపురకి కూడా కొత్త భవనాల ప్రణాళిక వచ్చింది. మా వంతు ఎప్పుడో చూడాలి. పీర్ల కొట్టం లేని చోట, కల్లం లేని చోట, గ్యాలరీ కూడా లేకపోతే వాటాలు ఎక్కడ పంచుకుంటాం అని సార్‌ని అడిగాను. సార్ వెంటనే జవాబు చెప్పలేదు. "లిఫ్టు దగ్గర మొదలుపెట్టండి" అని నవ్వారు. నాకు అది నవ్వుకునే మాటలా అనిపించలేదు.

ఈ ఏడాది బతుకమ్మకి అత్తయ్య వాళ్ళింటికే వెళ్ళాం. తంగేడు, గునుగు ఊరి నుంచి బస్సులో తెప్పించారు, బంతిపూలు దాదర్ పూల బజారు నుంచి తెచ్చాం. బతుకమ్మని కింద కార్లు పెట్టుకునే చోట ఆడారు. పైన ఇంట్లో నానమ్మ రొట్టెలు నలిపింది. నేను కూడా నలిపాను, వేళ్ళు కాలాయి. అత్తయ్య వాళ్ళ అంతస్తులో ఉన్నవాళ్ళల్లో ఇంకా సగం మంది పేర్లు ఆమెకి తెలియవు. నానమ్మ పళ్ళేలు వరుసగా పెట్టి ముద్దలు లెక్కపెట్టింది. "లాభం, రెండు, మూడు, నాలుగు..." అంతస్తులో ఉన్న తలుపులు ఎన్నో నన్ను వెళ్ళి చూసి రమ్మంది.